మున్నేరు ఇద్దరిదీ అయినప్పుడు వైర్‌లెస్ ఛానల్ కూడా ఇద్దరిదీ కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విపత్తుల నిర్వహణ సంస్థల అధికారులకు, రెండు రాష్ట్రాల పోలీసు కమ్యూనికేషన్స్ విభాగాల పెద్దలకు, ఢిల్లీలో ఫ్రీక్వెన్సీలు కేటాయించే డబ్ల్యూపీసీ వింగ్ వారికి,

అయ్యా, అమ్మా,

నేను పోలీసు వైర్‌లెస్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఆపరేటర్‌ని. మా ఇల్లు ఎన్టీఆర్ జిల్లాలో, ఖమ్మం మీదుగా మా వైపు పారే మున్నేరు నదికి దగ్గరలో. వానాకాలం వస్తే మా ఊరివాళ్లు ఆకాశం కంటే ముందు ఖమ్మం వైపు చూస్తారు. అక్కడ ఎంత కురిసిందో తెలిస్తే ఇక్కడ సామాన్లు ఎప్పుడు సర్దుకోవాలో తెలుస్తుంది.

2024 సెప్టెంబర్ 1న ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఖమ్మంలో మున్నేరు కాలనీల మీద పడింది. అదే నీళ్లు కిందికి వచ్చి ఐతవరం దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే ఎక్కాయి. అదే రోజు బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది. మహబూబాబాద్ జిల్లాలో రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. రెండు రాష్ట్రాల్లో పోలీసులు, ఫైర్ వాళ్లు, ఎన్డీఆర్ఎఫ్, ఇరిగేషన్ సిబ్బంది నిద్ర లేకుండా పనిచేశారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఆ రెండు రోజులూ నేను ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఒక్క సంగతే ఆలోచించాను. ఖమ్మం వంతెన మీద నిలబడ్డ కానిస్టేబుల్ చేతిలో వైర్‌లెస్ సెట్ ఉంది, నందిగామ దగ్గర రోడ్డు మీద నిలబడ్డ కానిస్టేబుల్ చేతిలోనూ సెట్ ఉంది. పైవాడికి కనిపించే నీళ్లే కాసేపట్లో కిందివాడి మీదికి వస్తాయి. పైవాడు బటన్ నొక్కి చెబితే కిందివాడికి నేరుగా వినిపించాలి. నా సర్వీసంతా ఈ మాట చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు బహిరంగంగా రాస్తున్నాను.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2009 అక్టోబర్‌లో కృష్ణకు పెద్ద వరద వచ్చినప్పుడు నేను కంట్రోల్ రూమ్ డ్యూటీలో ఉన్నాను. అప్పటికి రాష్ట్రం ఒక్కటే. అయినా ఒక లంక గ్రామానికి వెళ్లిన పోలీసు పడవలో ఒక సెట్, ఇంకో శాఖ పడవలో ఇంకో సెట్, రెండింటి ఫ్రీక్వెన్సీలు వేరు. ఒకరి మాట ఒకరికి వినపడదు. రెండు చెవుల దగ్గరా రెండు సెట్లు పెట్టుకుని, ఇటు విన్నది అటు, అటు విన్నది ఇటు చెప్పడమే రాత్రంతా నా పని. నేను ఒకవైపు మాట్లాడుతుంటే రెండోవైపు నుంచి వచ్చింది పోయేది. ఆ గందరగోళంలో ఒకే ఇంటికి రెండు పడవలూ వెళ్లాయి. పక్క వీధిలో డాబా మీద ఉన్న ముసలి దంపతుల దగ్గరికి ఏ పడవా వెళ్లలేదు. తెల్లవారాక వాళ్లని దించారు, ప్రాణాలతోనే ఉన్నారు. కానీ ఆ రాత్రి నాకు వచ్చిన టెన్షన్ ఇప్పటికీ పోలేదు. రెండు సెట్లూ బాగానే పనిచేస్తున్నాయి, బ్యాటరీలు నిండుగా ఉన్నాయి, సిగ్నల్ ఉంది. లేనిదల్లా రెండింట్లోనూ ఉండే ఒక్క ఛానల్. ఒకే రాష్ట్రంలో, ఒకే నది మీద అలా జరిగింది. ఇప్పుడు అదే నది మీద రెండు రాష్ట్రాలు ఉన్నాయి.

ఫ్రీక్వెన్సీ అనేది భూమి లాంటిది, ఎక్కడ ఎవరు వాడాలో కొలిచి ఇస్తారు. ఒక శాఖ అప్లికేషన్ పెడుతుంది, డబ్ల్యూపీసీ వింగ్ పరిశీలించి ఫలానా చోట ఫలానా ఫ్రీక్వెన్సీ వాడుకోమంటుంది. ఇంకో శాఖ ఇంకో అప్లికేషన్ పెడుతుంది. ఎవరి అప్లికేషన్ వారిది, ఎవరి ఫైలు వారిది. ఇలా ఒక్కొక్క ఫ్రీక్వెన్సీని విడిగా చూస్తే తప్పేమీ కనపడదు. కానీ అన్నీ కలిపి ఒక ప్రాంతం మ్యాప్ మీద పెట్టి చూస్తేనే ఎవరికి ఎవరు అడ్డమో, ఎవరికి ఎవరితో మాట్లాడే దారి లేదో తెలుస్తుంది. ఆ మ్యాప్‌ని ఇరుగుపొరుగు కలిసి కూర్చుని గీయడాన్నే నేను ప్రాంతీయ ప్రణాళిక అంటున్నాను.

ఇది ఎందుకు కలిసే చేయాలో వైర్‌లెస్ తెలియనివాళ్లకి కూడా అర్థమయ్యేలా చెబుతాను. మా వీహెచ్ఎఫ్ సెట్లు ఎఫ్‌ఎం పద్ధతిలో పనిచేస్తాయి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి సిగ్నల్ బలంగా ఉంటే వాళ్లదే వినిపిస్తుంది. బలహీనమైనవాడి గొంతు అసలు మాట్లాడనట్టే మాయమైపోతుంది. రెండూ సమానమైతే ఈల లాంటి మోత తప్ప మాట వినపడదు. అందుకే ఒక ఫ్రీక్వెన్సీని రెండు చోట్ల ఇవ్వాలంటే మధ్యలో చాలినంత దూరం ఉండాలి. ఆ దూరాన్ని జిల్లా గీత, రాష్ట్రం గీత చూసి కొలిస్తే సరిపోదు, కొండలు చూడాలి. రిపీటర్‌ని, అంటే ఒక సెట్ మాటను అందుకుని మళ్లీ దూరానికి పంపే యంత్రాన్ని, ఎంత ఎత్తైన కొండ మీద పెడితే అంత గొప్ప అనుకునే అధికారుల్ని నేను చాలామందిని చూశాను. ఎత్తు పెరిగితే మనకి కావాల్సిన ఊళ్లతో పాటు అక్కర్లేని ఊళ్లకీ సిగ్నల్ పోతుంది. అవతల జిల్లావాళ్లు ఆ ఫ్రీక్వెన్సీని ఇక ముట్టుకోలేరు.

కోస్తాలో ఇంకో తలనొప్పి. వేసవి తెల్లవారుజామున సముద్రం మీద గాలి పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నప్పుడు సిగ్నల్ వాటి మధ్య చిక్కి వందల కిలోమీటర్లు వెళ్తుంది. నేను తీరంలో పనిచేసిన రోజుల్లో మా రిపీటర్‌లో భాష తెలియని గొంతులు విన్నాను. ఎక్కడో దూరపు స్టేషన్ వచ్చి మా ఛానల్ మీద కూర్చునేది. దాన్ని అడ్డుకోవడానికే సెట్లలో టోన్ పెడతారు. మాటతో పాటు అవతలి సెట్ మన చెవిదాకా రానివ్వని ఒక తక్కువ స్థాయి ధ్వని వెళ్తుంది, ఆ ధ్వని ఉంటేనే అవతలి రిపీటర్ తలుపు తీస్తుంది. మంచి ఏర్పాటే. కానీ సాయానికి పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాడికి ఫ్రీక్వెన్సీ చెప్పి టోన్ చెప్పకపోతే అతను ఎంత నొక్కినా తలుపు తీయదు. వరద మధ్యలో ల్యాప్‌టాప్, కేబుల్ తెచ్చి ఎవరి సెట్‌లో ఎవరు టోన్ ఎక్కించగలరు?

దీనికి దారి ఎప్పుడో వేసిన దేశం ఒకటి ఉంది కాబట్టి దాని గురించి రాస్తాను. అమెరికాలో 1987లో అక్కడి టెలికం నియంత్రణ సంస్థ 800 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీల దగ్గర 6 మెగాహెర్ట్జ్ వెడల్పు ముక్కని పోలీసు, ఫైర్, అంబులెన్సుల కోసం పక్కన పెట్టింది. వాషింగ్టన్‌లో కూర్చుని ఎవరికి ఏ ఛానలో పంచలేదు. దేశాన్ని 55 ప్రాంతాలుగా చేసి, ప్రతి ప్రాంతంలోనూ ఆ సెట్లు వాడేవాళ్లతోనే ఒక కమిటీ వేయించి, మీ ప్రణాళిక మీరే రాసుకోండి అంది. అన్నిటికంటే నాకు నచ్చింది ప్రాంతాలు కోసిన తీరు. న్యూయార్క్ నగరం ప్రాంతంలో న్యూయార్క్‌తో పాటు ఉత్తర న్యూజెర్సీ, కనెక్టికట్‌లో కొంత భాగం కలిశాయి. మూడు రాష్ట్రాల ముక్కలతో ఒక ప్రాంతం! జనం రోజూ ఎటు తిరుగుతారో, ప్రమాదం వస్తే ఎవరు ఎవరికి సాయం వెళ్తారో చూసి గీశారు. మన తెలుగువాళ్లు అంతమంది ఉండే న్యూజెర్సీలో 911కి ఫోన్ చేస్తే వచ్చే ఫైరింజన్ సెట్ వెనక ఇలాంటి ఒప్పందం ఉంది.

ఆ ప్రణాళికల్లో ఇంకో మంచి నియమం ఉంది. ఎవరి సిగ్నల్ అయినా వాళ్ల పరిధి దాటి కొద్ది మైళ్ల కంటే ఎక్కువ పారకూడదు. కొండెక్కించి గొప్పలు పోవడం కుదరదు. తర్వాత 700 మెగాహెర్ట్జ్‌లో టీవీ ఛానళ్లు ఖాళీ చేయించి మరో 24 మెగాహెర్ట్జ్ ఇచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. ఒక ప్రాంతం ప్రణాళిక చెల్లాలంటే పక్క ప్రాంతాలు చూసి సమ్మతి తెలపాలి. 800లో దేశమంతటికీ కలిపి ఐదు ఉమ్మడి ఛానళ్లు ఉంచారు. ఒకటి పిలవడానికి, నాలుగు పని చేసుకోవడానికి. ఎక్కడివాడు ఎక్కడికి వెళ్లినా తన సెట్‌లో అవి ఉంటాయి.

అక్కడ అన్నీ సక్రమంగా జరిగాయని నేను చెప్పను. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో పోలీసు హెలికాప్టర్ల నుంచి టవర్ నిలబడేట్టు లేదన్న హెచ్చరిక సెట్లో వచ్చింది. ఆ మాట లోపల మెట్లెక్కుతున్న ఫైర్ సిబ్బంది సెట్లకు చేరే దారి లేదు. ఆ రోజు 343 మంది ఫైర్ సిబ్బంది పోయారు. ప్రణాళిక ఉన్న ఊళ్లో కూడా రెండు శాఖల మధ్య ఒక ఛానల్ మీద మాట్లాడే అలవాటు లేకపోతే ఏమవుతుందో ఆ రోజు చూపించింది. ఆ వార్త చదివిన రోజు నేను డ్యూటీలోనే ఉన్నాను. నాకు మా సెట్లే కళ్ల ముందు కనిపించాయి.

ఇక మన దగ్గరికి వస్తాను. ఫోన్ కంపెనీలకు స్పెక్ట్రమ్ వేలం వేసేటప్పుడు దేశాన్ని 22 సర్కిళ్లుగా చూస్తారు. ఆ లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ కలిపి ఒకటే సర్కిల్. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయినా వ్యాపారం కోసం గాలిని మాత్రం విడగొట్టలేదు. ప్రాణాలు కాపాడే సెట్ల కోసం కూడా ఈ రెండు రాష్ట్రాల్ని ఒకే ప్రాంతంగా చూడమని అడగడం గొంతెమ్మ కోరిక అవుతుందా?

చట్టం కూడా అడ్డం లేదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం మొదటి షెడ్యూల్‌లో, వేలం లేకుండా స్పెక్ట్రమ్ కేటాయించదగిన పనుల్లో విపత్తుల నిర్వహణను పేరు పెట్టి రాశారు. అంతర్జాతీయ టెలికం సంఘం 2003 నుంచీ, 646వ నంబర్ తీర్మానంలో, ఒక ప్రాంతంలోని దేశాలు పబ్లిక్ సేఫ్టీకి ఉమ్మడి ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు చూసుకోమని కోరుతోంది. దేశాలకే ఆ మాట చెబుతుంటే, ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాలకు అది ఇంకా సులభం. 2018 జూన్‌లో మన టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా పోలీసు, ఫైర్, వైద్య సాయం కోసం దేశమంతటికీ కొత్త తరం బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ కావాలని, దానికి ప్రత్యేకంగా స్పెక్ట్రమ్ ఇవ్వాలని సిఫార్సు చేసింది. ఆ నెట్‌వర్క్ రావాలి, వీడియో పంపగలిగే సెట్లు రావాలి. కానీ అది టవర్ల మీద నడిచే పెద్ద కట్టడం. దాని కోసం ఎదురుచూస్తూ, కంప్యూటర్‌కి తగిలించి పది నిమిషాల్లో సెట్‌లో ఎక్కించగలిగే ఒక ఉమ్మడి ఛానల్‌ని వాయిదా వేయకండి.

టవర్ల సంగతి ఎందుకంటున్నానంటే, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు ఫోన్లు మూగబోయాయి. కరెంటు లేదు, బ్యాటరీలు కొన్ని గంటలే, డీజిల్ తీసుకెళ్లడానికి చెట్లు పడి దారి లేదు. అటువంటి పరిస్థితిలో చేతి సెట్ నుంచి చేతి సెట్‌కి నేరుగా, మధ్యలో ఏ రిపీటరూ లేకుండా మాట్లాడే ఛానలే దిక్కు. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత, 2004 డిసెంబర్ సునామీ తర్వాత అండమాన్‌లో, బయటి ప్రపంచానికి మొదటి మాటలు మోసింది హామ్ రేడియో వాళ్లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి సొంత రేడియో స్టేషన్లు నడిపేవాళ్లు. సునామీ నాటికి భారతి ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ నడుపుతూ ఉండబట్టి ఎన్ని కుటుంబాలకు కబురు అందిందో! హామ్ వాళ్లకి ఆ పని ఎలా సాధ్యమైందంటే, ఏ ఫ్రీక్వెన్సీ మీద పిలవాలో, ఎవరు ముందు మాట్లాడాలో ఏ విపత్తూ లేని రోజుల్లోనే అనుకుని, రోజూ అలవాటు చేసుకున్నారు. జీతం లేని మనుషులు ఆ క్రమశిక్షణ పాటిస్తున్నప్పుడు, జీతం తీసుకునే శాఖలు పాటించలేవా?

ఇంకో భయం ఉంది, అదీ చెబుతాను. పాత ఎనలాగ్ సెట్లు తీసేసి డిజిటల్ సెట్లు కొంటున్నారు. మాట స్పష్టంగా ఉంటుంది, దొంగచాటుగా వినడం కష్టం, అందుకు సంతోషమే. అయితే డిజిటల్‌లో పద్ధతులు చాలా ఉన్నాయి: టెట్రా వేరు, డీఎంఆర్ వేరు, పీ25 వేరు. ఒకదాని సెట్ ఇంకొకదాన్ని అర్థం చేసుకోదు. పాత సెట్లకి కనీసం ఫ్రీక్వెన్సీ ఒకటి చేస్తే మాట వినపడేది. కొత్తవాటిలో ఫ్రీక్వెన్సీ ఒకటైనా గరగర తప్ప ఏమీ రాదు. ఒక శాఖ ఒకటి, ఇంకో శాఖ ఇంకొకటి, ఒక రాష్ట్రం ఒకటి, పక్క రాష్ట్రం ఇంకొకటి కొంటే ఇప్పుడున్న గోడ ఇంకా ఎత్తవుతుంది. టెండరు పిలిచే ముందే ఒక షరతు రాయండి: ఏ కంపెనీ సెట్ అయినా, ఏ డిజిటల్ పద్ధతి అయినా, అందులో సాదా ఎనలాగ్ ఎఫ్‌ఎం ఉమ్మడి ఛానళ్లు తప్పక ఉండాలి, అవి మాటను రహస్యంగా మార్చే ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉండాలి. ఇది నా ముప్పై ఏళ్ల సర్వీసు మీద ఒట్టేసి చెబుతున్న మాట.

నేను అడుగుతున్నది ఇది. ముందు ప్రాంతాల్ని నదులను బట్టి, తీరాన్ని బట్టి గీయండి. దిగువ కృష్ణ, మున్నేరు, పాలేరు ఒక ప్రాంతం. పులిచింతల కూడా అందులోనే. ఆనకట్ట ఒకవైపు ఆంధ్రలో, మరోవైపు తెలంగాణలో ఉంటే దాని మీద నిలబడ్డ మనిషి ఏ రాష్ట్రం ఛానల్ మీద మాట్లాడాలి? గోదావరి ఇంకో ప్రాంతం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అప్పుడు ఆ ఊరి చుట్టుపక్కల మునిగిన కూనవరం, వీఆర్ పురం, ఎటపాక లాంటి మండలాలు 2014 నుంచి ఆంధ్రలో ఉన్నాయి. భద్రాచలం తెలంగాణలో ఉంది. శబరి మీదుగా నీళ్లు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వస్తాయి కాబట్టి వాళ్లనీ ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఉత్తరాంధ్ర తీరానికి ఒడిశా తోడు కావాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి రెండు రాష్ట్రాల్నీ కొట్టింది. దక్షిణాన పులికాట్ వైపు తమిళనాడుతో ఇలాగే.

ప్రతి ప్రాంతానికీ కమిటీ వేయండి. అందులో ఐపీఎస్, ఐఏఎస్ అధికారులతో పాటు చేత్తో సెట్ పట్టుకునే వాళ్లు తప్పక ఉండాలి: వైర్‌లెస్ ఆపరేటర్, ఫైర్ స్టేషన్ లీడింగ్ ఫైర్‌మన్, 108 అంబులెన్స్ ఉద్యోగి, బ్యారేజీ గేట్ల దగ్గర ఉండే ఇరిగేషన్ మనిషి, కొండపావులూరులో ఉన్న ఎన్డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్ నుంచి ఒకరు, రైల్వే నుంచి ఒకరు. ఏ కొండ నీడలో ఏ ఊరు పడి సెట్ పట్టదో వీళ్లకి తెలిసినట్టు సచివాలయంలో ఎవరికీ తెలియదు.

ప్రతి ప్రాంతానికీ ఒక పిలుపు ఛానల్, మూడు నాలుగు పని ఛానళ్లు డబ్ల్యూపీసీ నుంచి ఉమ్మడిగా కేటాయింపు తీసుకోండి. ఎవరి పేరు మీద ఇవ్వాలనే గొడవతో ఫైలు ఆగకూడదు. పోలీసు వైర్‌లెస్ సమన్వయానికి కేంద్ర హోంశాఖ కింద ఒక డైరెక్టరేట్ ఎలాగూ ఉంది, వాళ్లని మధ్యవర్తిగా పెట్టుకోండి. ఛానళ్లకు అందరూ ఒకే పేరు పెట్టుకోవాలి. ఒకరు ‘ఎమర్జెన్సీ 2’ అని, ఇంకొకరు ‘ఫ్లడ్ 1’ అని అంటే చీకట్లో ఎవరు ఏ నాబ్ తిప్పాలో తెలియదు. ‘సాయం ఒకటి’, ‘సాయం రెండు’ అంటే అందరికీ అర్థమవుతుంది. టోన్ ఒకటే ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. పిలుపు ఛానల్‌ని రెండు వైపులా కంట్రోల్ రూముల్లో ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరు వినాలి. వినేవాడు లేకపోతే ఛానల్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఒక రాష్ట్రం సరిహద్దుకి దగ్గరలో కొత్త రిపీటర్ పెట్టాలంటే పక్క రాష్ట్రం విభాగానికి ముందే తెలిపి, వాళ్ల సమ్మతి కాగితం ఫైల్లో పెట్టాలి. మొదట్లో ఇది ఆలస్యం అనిపిస్తుంది. తర్వాత ఒకరి ఛానల్ మీద ఒకరు పడి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకునే బాధ తప్పుతుంది. అలాంటి ఉత్తరాలు నేనే ఎన్నో టైపు చేశాను.

ఏటా రెండుసార్లు, వానలకు ముందు మే చివర్లో ఒకసారి, తుఫాన్ల కాలానికి ముందు సెప్టెంబర్‌లో ఒకసారి, రెండు వైపులా సెట్లు పట్టుకుని వంతెనల మీద నిలబడి మాట్లాడి చూడండి. మన శాఖల్లో సెట్ కాన్ఫరెన్స్ అంటే ఎస్పీ గారు మాట్లాడటం, కింద అందరూ వినడం. ఈ డ్రిల్లులో కిందివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఎక్కడ వినపడలేదో రాసుకుని, అక్కడికి ఎత్తుకెళ్లగలిగే రిపీటర్ ఒకటి సిద్ధంగా పెట్టాలి. నేను లెక్క వేసి చూసిన మేరకు దీనిలో ఎక్కువ ఖర్చు మనుషుల సమయానిదే. సెట్లు ఇప్పటికే ఉన్నాయి.

నా సర్వీసులో రాసుకున్న నోటు పుస్తకాలు ఐదు ఉన్నాయి. కృష్ణ పక్కన, మున్నేరు పక్కన ఏ ఊళ్లో, ఏ ఎత్తులో నిలబడితే సెట్ పడుతుందో, ఏ కొండ వెనక పడదో అందులో ఊరి పేర్లతో సహా ఉంది. మొదటి కమిటీ ఖమ్మంలో కూర్చున్నా, నందిగామలో కూర్చున్నా వాటిని తీసుకుని నేను బస్సెక్కి వస్తాను. నాలాగే రిటైరైన ఆపరేటర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, పిలిస్తే వాళ్లూ వస్తారు. వచ్చే మే నెల లోపు ఆ మొదటి సమావేశం తేదీ చెప్పండి.

ఇట్లు,
పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరైన ఒక ఆపరేటర్,
ఎన్టీఆర్ జిల్లా